రెక్కకు వేసిన పట్టీ

పిలవకుండా సాయానికి వచ్చినవాడి పనికి వంక పెట్టకూడదు. లూప్ నది పక్కనున్న ఆ నెబ్రాస్కా పల్లెల్లో దొంగతనం చేసినవాణ్ణయినా నాలుగేళ్లకు క్షమిస్తారు గాని, ఈ కట్టుబాటు మీరినవాణ్ణి చచ్చేదాకా గుర్తు పెట్టుకుంటారు. దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టినవాడి కింద జమకడతారు. ఎమిల్ సోబోట్కా బుద్ధెరిగినప్పటి నుంచీ ఇందులోనే బతికాడు. ఇరుగుపొరుగుల చేలు కోసిపెట్టాడు, తన చేను కోయించుకున్నాడు. ఎవరెంత వంకరగా కోసినా 'భేషుగ్గా ఉంది' అనే అన్నాడు. ఆ మంచితనమే తన కొంప ముంచుతుందని ఆ శనివారం పొద్దుటి దాకా అతనికి తెలియదు.

ఆ పొద్దున అతను ఊరి విమానాల మైదానంలో మడత కుర్చీ వేసుకుని, ఎర్ర దిండొకటి రొమ్ముకు అదుముకుని కూర్చున్నాడు. ఆస్పత్రి వాళ్లిచ్చిన దిండు అది. గుండె ఆకారంలో ఉంటుంది. నర్సులందరూ దాని మీద సంతకాలు కూడా చేశారు. రొమ్ము ఎముకను నిలువునా కోసి, లోపల మరమ్మతు చేసి, మళ్లీ తీగలతో కట్టి ఇంటికి పంపారు. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా ఆ దిండును వాటేసుకోవాలి. గాలన్ పాలసీసా కంటే బరువైనది ఎత్తకూడదు. చేతులు భుజాల పైకి లేపకూడదు. బండి నడపకూడదు. ఇన్ని 'కూడదు'ల మధ్య మనిషి చేయగలిగింది చూడటమొక్కటే.

ఎదురుగా షెడ్డులో ఉన్నది అతని విమానం. అతను తన చేతులతో కట్టుకున్నది. ఇద్దరు పట్టే చిన్నది. రెక్కలు వెనక్కి మడిస్తే తోకకు అటూ ఇటూ వచ్చి ఆనుకుంటాయి, అప్పుడు మామూలు ట్రెయిలర్ మీద పట్టేస్తుంది. పొలం పని లేని చలికాలాలన్నీ దానికే ధారపోశాడు. ఆపరేషన్‌కు ముందు డాక్టరు 'ఏమన్నా అడగాలా?' అంటే ఎమిల్ 'మళ్లీ ఎగరొచ్చా?' అని ఒక్కటే అడిగాడు. 'జాగ్రత్తగా ఉంటే వచ్చే వసంతానికి ఎగురుదువుగాని' అన్నాడాయన. ఆ మాట పట్టుకునే ఎమిల్ మంచం దిగాడు. ఇంకో విమానం కట్టుకునే వయసు కాదు, చేతులు వణుకుతున్నాయి. కొనుక్కునే స్తోమత మొదటి నుంచీ లేదు. ఎగిరితే దీంట్లో ఎగరాలి, లేకపోతే లేదు.

మార్చిలో కురిసిన మంచుకు ఆ షెడ్డు కప్పు కుంగిపోయింది. ఇంకో గాలివాన వస్తే విమానం మీద పడటం ఖాయం. దాన్ని ఇంటికి చేర్చి ట్రాక్టర్ల కొట్టంలో పెట్టుకోవాలి. తనకు ఒళ్లు కుదుటపడ్డాక మెల్లగా చేసుకుందామనుకున్నాడు ఎమిల్. కానీ అతని భార్య ఆర్లిస్ చర్చి అయ్యాక ఎవరితోనో ఒక్క మాటంది. అంతే, శనివారం పొద్దున్నే పికప్‌లు బారులు తీరాయి. అందరికంటే ముందు దిగినవాడు వెర్లిన్ ఓస్టర్. ఎమిల్ పొలానికి ఆనుకునే అతని పొలం. భారీ మనిషి, భారీ నవ్వు. కోతయంత్రాల దగ్గర్నుంచి ఆవూదూడల దాకా ట్రెయిలర్ మీద అతను మోయనిది లేదు.

"ఏరా ఎమిలూ, మహారాజులా కూర్చున్నావ్! కిరీటమొక్కటే తక్కువ."

"పెట్టుకుందామనే అనుకున్నాన్రా. చేతులు పైకెత్తొద్దన్నారు."

"ఎత్తకు, ఎత్తకు. నువ్వు కూర్చో. ఇవాళ మాది పని, నీది పెత్తనం."

పెత్తనం అన్నాడు గాని, ఆ ప్రాంతంలో అలాంటి పెత్తనం ఎవరూ చేయరని ఇద్దరికీ తెలుసు.

చెప్పొద్దూ, మొదట్లో అంతా బాగానే జరిగింది. ఎవరూ గుడ్డ మీద చెయ్యి వేయలేదు, పసిపిల్లను ఎత్తుకున్నట్టే పట్టుకున్నారు. రెక్కలు మడిచారు. విమానాన్ని మెల్లగా ట్రెయిలర్ మీదికి నెట్టారు. చక్రాలకు పట్టీలు వేసి బిగించారు. ఎమిల్ కుర్చీలో కాస్త వెనక్కి వాలాడు. అప్పుడు వెర్లిన్ తన పికప్‌లోంచి వెడల్పాటి పసుప్పచ్చ పట్టీలు ఇంకో రెండు తెచ్చి, మడిచిన రెక్కల కొసలకు చుట్టి, ట్రెయిలర్ చట్రానికి తగిలించి, మీట పట్టుకుని కటకటా బిగించడం మొదలుపెట్టాడు.

ఎమిల్ కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు.

విమానం నిలబడేది గాలి నింపిన చక్రాల మీద. దాని కాళ్లకు రబ్బరు తాళ్లుంటాయి. రోడ్డు మీద అది ఊగుతూనే ఉంటుంది, ఊగనివ్వాలి. మడిచిన రెక్క ఒంటితో పాటే లేవాలి, ఒంటితో పాటే దిగాలి. అందుకే రెక్కల కొసల్ని ఆ విమానం తోకకే కట్టాలి. ట్రెయిలర్‌కు మాత్రం కట్టకూడదు. ఒళ్లు ఎగిరెగిరి పడుతుంటే కొసను ఇనుముకు కట్టిపడేస్తే, ఆ ఈడ్పంతా రెక్క మొదట్లో ఉన్న కీలు మీద పడుతుంది. ఎమిల్ ఎప్పుడూ మెత్తని తాడుతో తోకకే కట్టేవాడు. కానీ కోతయంత్రాన్ని మోసేవాడికి తెలిసిన ధర్మం ఒక్కటే, కదిలేదాన్ని కదలకుండా బిగించడం.

వెర్లిన్ ఆఖరి బిగింపు బిగించి, పట్టీ మీద అరచేత్తో ఫట్‌మని చరిచాడు.

"ఇంకిది ఎక్కడికీ పోదు."

"పోదు, పోదు," అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

అక్కడి మగవాళ్లకు ఆ చరుపు రాజముద్రతో సమానం. ఒకడు బరువు కట్టి, చరిచి, ఆ మాట అన్నాక ఇంకొకడు ఆ పట్టీని ముట్టుకుంటే నీకు పని రాదని మొహం మీద అన్నట్టే. తండ్రి కట్టినదాన్ని కొడుకు సైతం మళ్లీ చూడడు.

ఎమిల్ గొంతు సవరించుకున్నాడు. "నేనైతే... ఎప్పుడూ రెక్కల్ని తోకకే కట్టేవాణ్ణనుకో."

అక్కడి లెక్కలో ఇది కేక పెట్టడమే. వెర్లిన్ తలూపాడు. "ఓహో, అలాగా. దానికంటే ఇది గట్టిరా."

"గట్టిగానే ఉంది. బాగా గట్టిగా ఉంది," అన్నాడు ఎమిల్, ఇంకో మెట్టెక్కి.

"మరేమనుకున్నావ్ నన్ను!"

ఆర్లిస్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. "మొహం చూడు ఎలా అయిపోయిందో. బీపీ పెరుగుతుంది. అన్నీ నువ్వే చూసుకోవాలా? వాళ్లకి తెలీదేంటి?"

"వాళ్లకి తెలుసులే," అన్నాడు ఎమిల్.

ఒక్క మాట. 'ఆ పట్టీ తియ్‌రా' అని ఒక్క మాట అంటే సరిపోయేది. మహా అయితే వెర్లిన్ ఒక వారం ముభావంగా ఉండేవాడు. కానీ తన కోసం పొలాలు వదులుకుని వచ్చిన అంతమంది ముందు, గుండె నొప్పి వచ్చిన రోజున తనను ఆస్పత్రికి మోసుకెళ్లిన మనిషితో ఆ మాట ఎలా అనడం? మొహమాటానికి పోతే కడుపైందని ఊరికే అన్నారా! కక్కలేక మింగలేక అతను వెర్లిన్ పికప్ వెనక సీట్లో ఎక్కి, బెల్టుకూ రొమ్ముకూ మధ్య దిండు పెట్టుకున్నాడు. ఆర్లిస్ తన కారులో వెనకాల బయల్దేరింది.

తారురోడ్డు మీద వెర్లిన్ నిదానంగానే నడిపాడు. మొక్కజొన్న ధర గురించీ, కొత్త పాస్టరు పొడుగాటి ప్రసంగాల గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు. ఎమిల్ వెనక అద్దంలోంచి చూపు తిప్పలేదు. తర్వాత కంకరరోడ్డు వచ్చింది. పోయిన వానలకు అడ్డంగా చాళ్లు చాళ్లుగా కోసుకుపోయి ఉంది. ఆ గతుకుల్లో పికప్ దడదడలాడింది. కోసి కుట్టిన ఎముకలో ఒక్కో కుదుపూ సూదిలా దిగుతోంది. అయినా అతని ప్రాణమంతా వెనకాలే ఉంది. ఒళ్లు లేస్తోంది, రెక్క కొస లేవడం లేదు. ఒళ్లు లేస్తోంది, కొస లేవడం లేదు.

"కాస్త ఆపరా. కాళ్లు చాపుకుంటాను."

వెర్లిన్ ఆపాడు. ఎమిల్ మెల్లగా దిగి ట్రెయిలర్ పక్కకు నడిచాడు. ఎడమ రెక్క మొదట్లో గుడ్డ ముడతలు పడి ఉంది. రంగు మీద సన్నటి గీత కనబడింది. ఇంకా విరగలేదు. ఇప్పుడు వదులు చేస్తే దక్కుతుంది. అతను దిండు చంకలో పెట్టుకుని మీట పట్టుకున్నాడు. రెండు చేతులతో బలంగా లాగితే గాని అది విడదు. లాగబోయాడు. రొమ్ములో ఏదో విడిపోతున్నట్టయి కళ్లు చీకట్లు కమ్మాయి.

"ఏయ్, చెయ్యి తియ్! తీగలు తెంపుకుంటావా?" వెర్లిన్ పరుగున వచ్చాడు. "నీకేమన్నా అయితే ఆర్లిస్ నన్ను కోసి కూరొండుతుంది."

"కొంచెం వదులు చెయ్యరా దాన్ని."

అన్నాడు! మనిషి ఇన్నాళ్లకు ఒకటి అడిగాడు. వెర్లిన్ అతని పాలిపోయిన మొహం చూశాడు, పట్టీ చూశాడు. జాలేసింది.

"వదులా? ఈ రోడ్డు మీదా? నీకు భయంగా ఉందని చెప్పొచ్చుగా." మీట పట్టుకుని ఇంకో రెండు కటకటలు బిగించాడు. "ఇదిగో, ఇప్పుడు నిశ్చింతగా కూర్చో."

వెనకాల కారు ఆగింది. ఆర్లిస్ అద్దం దించి, "ఏమైంది? నొప్పా?" అని అరిచింది. వెర్లిన్ అరిచి జవాబిచ్చాడు, ఏం లేదు, బెంగపడుతున్నాడని. ఇద్దరూ కలిసి ఎమిల్‌ను సీట్లోకి ఎక్కించారు. ప్రేమగా, జాగ్రత్తగా, కాదనడానికి వీల్లేకుండా ఎక్కించారు. వాగు మీద వంతెన దాటేటప్పుడు టప్‌మని చిన్న చప్పుడు వచ్చింది. వెర్లిన్ పాస్టరు గురించే చెబుతున్నాడు. ఎమిల్ కళ్లు మూసుకున్నాడు. ఇక అద్దంలో చూడాల్సింది ఏమీ లేదు.

ఇంటి ముందు అందరూ గుమిగూడి ఉన్నారు. బల్ల మీద గసగసాలు కూరిన కొలాచీ బన్నులు, బంగాళాదుంపల సలాడు పెట్టారు. విమానాన్ని దింపడానికి పట్టీలు విప్పారు. కుడి రెక్క ఉన్నచోటే ఉంది. ఎడమ రెక్క జానెడు కిందికి వాలి, వేలాడింది.

వెర్లిన్ దగ్గరికి వెళ్లి రెక్క మొదలు తడిమి చూశాడు. ఆ పెద్ద మొహం సున్నం కొట్టినట్టయింది.

"నేనా? నేను కట్టినదేనా?"

ఎమిల్ అతని వైపు చూశాడు. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. "రోడ్డు బాలేదురా," అన్నాడు.

"రోడ్డు కాదు. నేనే." వెర్లిన్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. కాసేపటికి తలెత్తాడు. "అతికిస్తాను. రేపు చర్చి అవగానే వెల్డింగ్ మెషీన్ తెస్తా. విరిగిందన్న సంగతి నీకే గుర్తుండదు, చూడు."

ఆ మాటతో అందరి ప్రాణం లేచొచ్చింది. విరిగినదాన్ని అతికించేస్తే ఇక దిగులెందుకు? కొలాచీలు పంచారు. ఎమిల్‌ చేతిలో కూడా ఒకటి పెట్టారు. అతను తిన్నాడు కూడా.

కీలు పక్కన విరిగింది రెక్కకు వెన్నులాంటి అల్యూమినియం గొట్టం. దానికి సత్తువ వచ్చేదే ఫ్యాక్టరీలో కాచి పెట్టిన పదును వల్ల. వెల్డింగ్ వేడి తగిలితే ఆ చుట్టుపక్కలంతా మెత్తబడిపోతుంది. చూడటానికి దిట్టంగానే ఉంటుంది, గాల్లో బరువు పడ్డప్పుడు తెలుస్తుంది. గొట్టం మార్చాలంటే గుడ్డంతా ఒలిచి, అతికించిన చెక్క పక్కటెముకలన్నీ ఊడదీసి, మళ్లీ మొదటి నుంచీ కట్టాలి. ఆ చలికాలాలు మళ్లీ రావు. ఆ మధ్యాహ్నం మంచం మీద పడుకుని ఎమిల్ గోడవైపు తిరిగి ఏడ్చాడు. దిండును గట్టిగా వాటేసుకున్నాడు, ఏడిస్తే కూడా ఎముక నొప్పే.

అయినా ఒక రాజీకి వచ్చాడు. అతికిస్తే అతికించనీ. వెర్లిన్ మనసు కుదుటపడుతుంది. తను ఇక ఎగరడు, ఎవరన్నా అడిగితే డాక్టరు ఒప్పుకోలేదంటాడు. విమానం కొట్టంలో ఉంటుంది, రోజూ వెళ్లి చూసుకోవచ్చు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

మర్నాడు వెర్లిన్ తన జన్మలో అంత శ్రద్ధగా ఏ పనీ చేసి ఉండడు. విరిగినచోట గుడ్డ కాస్త వెనక్కి ఒలిచి, మిగతాది కాలకుండా తడి గోనెలు చుట్టాడు. ఊపిరి బిగబట్టి అతికాడు. ముసుగు తీసేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి, వెలుగుకో దేనికో మరి. అతుకు నిజంగానే ముచ్చటగా వచ్చింది.

"ఎలా ఉంది?"

"చాలా బాగా వచ్చిందిరా."

"వసంతంలో మొదటి చుట్టు నన్ను తిప్పాలి మరి."

ఎమిల్ సిద్ధం చేసుకున్న అబద్ధం చెప్పాడు. "డాక్టరు ఇంక వద్దన్నాడు. ఎగరొద్దన్నాడు."

పక్కనే ఉన్న ఆర్లిస్ వింతగా చూసింది. వెర్లిన్ బక్కెట్టు తిరగేసి దాని మీద కూర్చుండిపోయాడు. తర్వాత ఉన్నట్టుండి మొహం విప్పారింది.

"అయితే మా జోడీన్‌కి ఇయ్యరా! పోయిన నెలే దానికి విమానం నడిపే లైసెన్సొచ్చింది. స్కూలు బస్సు తిప్పీ తిప్పీ విసిగిపోయింది పిల్ల. ఆదివారం ఆదివారం వచ్చి ఎగురుతుంది, ఇంజనూ పాడవ్వదు. నువ్విక్కడ కూర్చుని చూసుకోవచ్చు."

"అదీ బాగానే ఉంది, ఎమిల్," అంది ఆర్లిస్.

జోడీన్ వెర్లిన్‌కు ఒక్కతే కూతురు. ఎమిల్ లేచి నిలబడ్డాడు.

"అది ఎగరదు వెర్లిన్. ఎవరూ ఎగరకూడదు. నువ్వు రెక్కని ట్రెయిలర్‌కి కట్టావు, అందుకే విరిగింది. ఆ గొట్టం అతికితే పనికిరాదు, వేడికి మెత్తబడిపోయింది. పైకెళ్తే మళ్లీ అక్కడే విరుగుతుంది."

అంతా చెప్పేశాడు. అతనికే ఆశ్చర్యమేసింది. కానీ వెర్లిన్‌కు కోపం రాలేదు. బక్కెట్టు మీంచి లేచి వచ్చి, మెత్తగా అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"నాకు తెల్సురా. నువ్వెగరలేనిది ఇంకోళ్లెలా ఎగురుతారని ఉంటుంది. నేనైనా అంతే. నెమ్మదిమీద ఆలోచించు."

"ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మనసు ఇలాగే ఉంటుందన్నారు," అంది ఆర్లిస్ నెమ్మదిగా, వెర్లిన్‌తో. "చీకటి మాటలే వస్తాయట."

ఎమిల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. విప్పితే రోగం మాట్లాడుతోందంటున్నారు. ఇక ఎవరికి చెప్పుకోవాలి?

బల్ల మీద గుడ్డ కోసే కత్తి ఉంది. పాలసీసా కంటే చాలా తేలిక. అతను దాన్ని తీసుకుని, ఎడమ రెక్క మొదట్లో, అతుకు పక్కనే గుచ్చాడు. బిగుతుగా ఉన్న గుడ్డ చర్రున చీలింది. కత్తిని పక్కకు ఈడుస్తూ నడిచాడు. అది భుజం ఎత్తు దాటగానే రొమ్ము పట్టేసింది. చెయ్యి ఇక లేవలేదు.

"ఎమిలూ! ఒరేయ్, పిచ్చెక్కిందా? ఆర్లిస్, ఆపు వాణ్ణి!"

ఆర్లిస్ అతని మణికట్టు పట్టుకుంది. ఆ గుడ్డ కుట్టింది ఆవిడే. వంటింటి బల్ల మీద పరిచి, వంగిన సూదితో ఒక్కో పక్కటెముకకూ ముడేస్తూ కుట్టింది. ఒక్క కుట్టు వదులైందని ఎమిల్ అంటే వరుస వరుసంతా విప్పి మళ్లీ కుట్టింది. ఇప్పుడు ఆ చీలికలోంచి లోపలికి చూసింది. మొగుడి మొహంలోకి చూసింది.

"అంత ఖాయమా?"

"ఆ పిల్ల చచ్చిపోతుంది ఆర్లిస్."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. కత్తి అతని చేతిలోంచి తీసుకుంది.

"ఎక్కడి దాకా?"

చూపించడానికి చెయ్యి లేవలేదు. గడ్డంతో చూపించాడు. "కొస దాకా."

ఆర్లిస్ స్టూలు లాక్కుని ఎక్కింది. ఎమిల్ అది కదలకుండా పట్టుకున్నాడు, డాక్టర్లు వద్దనని పని అదొక్కటే మిగిలింది. గుడ్డ చిరిగే చప్పుడు కొట్టమంతా నిండింది. వెర్లిన్ తను వేసిన అతుకు దగ్గరికెళ్లి, దాని మీద వేలితో రాసి చూసుకుని, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచాడు. వాకిట్లో పికప్ తలుపు మూసుకున్న చప్పుడైంది. ఇంజన్ చప్పుడు మాత్రం రాలేదు.

ఎడమ రెక్క పూర్తి చేసి ఆర్లిస్ కిందికి దిగింది. చెంపలు తుడుచుకుంది. స్టూలు పట్టుకుని కుడి రెక్క వైపు జరిపింది.

"అది బాగానే ఉంది కదా," అన్నాడు ఎమిల్.

"బాగున్నదాన్ని వదిలేస్తే," అంది ఆర్లిస్ స్టూలెక్కుతూ, "మళ్లీ ఎవరో ఒకరు సాయానికొస్తారు."